గడియారం మీద కాగితం

ఇన్‌స్పెక్టరు సోమేశ్వరరావు వచ్చేలోగా బడిలో ఏ వంకా లేకుండా చూసుకోవాలని రుక్మిణి ఆ రోజు పెందలాడే బయల్దేరింది. హిందీ మాట్లాడే ఊళ్లో, కాసిడీహ్ పేటలోని ఆ తెలుగు సర్కారు బడికి ఆవిడ తాత్కాలిక హెడ్మిస్ట్రెస్. పదవి ఖాయం కావడం ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది. బడుల్లో ఏ షాపు పేరూ కనబడకూడదని ఆ ఏడే కొత్త నియమం వచ్చింది. గోడలన్నీ గాలించి ఆఫీసుగదిలోకి వచ్చేసరికి, గడియారం ముఖం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు కనబడ్డాయి. దాన్ని బడికి ఇచ్చిన పోలరాజు తన షాపు పేరు వేయించుకోవడం మరిచిపోలేదు. ఇన్నాళ్లుగా ఆ అక్షరాల వంక ఒక్క పిల్ల కూడా కన్నెత్తి చూడలేదు.

"తీసేద్దాం," అంది రుక్మిణి.

"తీసీత్తే గంటెలాగ కొట్టాలమ్మా? దానిమీద కాయితం అంటించీండి," అంది ఆయా తవిటమ్మ.

అద్దం తలుపు తెరిచి, ముళ్ల కింద అక్షరాల మీద తెల్లకాగితం మైదాజిగురు రాసి అంటించేశారు.

హాజరుపట్టీ ఇవ్వడానికి వచ్చిన పిల్ల ఆ తెల్లకాగితం చూసింది. "టీచర్, నీచే క్యా హై?" అని దాని కింద ఏముందో అడిగింది.

"ఏమీ లేదు."

ఏమీ లేదన్నాక ఎవరూరుకుంటారు? దేవుడి బొమ్మ అని ఒక తరగతి, పరీక్ష ప్రశ్నలని ఇంకో తరగతి వాదించుకున్నాయి. సుద్దముక్కకని, మంచినీళ్లకని పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో మెడలు సాచారు. చివరికి లెక్కల టీచరు కూడా తొంగిచూసి వెళ్లింది.

ఇంతలో జిగురు ఆరి కాగితం అంచు లేచింది. పెద్దముల్లు దానికి తగులుకుని ఆగిపోయింది. రుక్మిణి గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూస్తోంది. భోజనాల వేళ దాటిందని లెక్కల టీచరు తన చేతిగడియారం చూపించినా తవిటమ్మ వినలేదు.

"అంత సిన్నదానికేటి తెలుత్తాది?" అంది గోడగడియారాన్ని చూపిస్తూ.

గంట మోగలేదు. కేరియర్లతో వచ్చిన తల్లులు కాసేపు ఓర్చుకుని, "పిల్లల్ని ఆపీసినారట! ఏటి తప్పు సేసినారో!" అంటూ రుక్మిణి చెబుతున్నా వినకుండా లోపలికి దూసుకొచ్చారు. ఇదే అదనని పిల్లలూ బయటపడి ఆఫీసుగది కిటికీలకు వేలాడారు.

మనవరాలికి అన్నం తెచ్చిన పోలరాజు కూడా ఆ గుంపులోనే ఉన్నాడు. కదలని ముల్లు చూడగానే ఆయన ప్రాణం చివుక్కుమంది.

"నా గడియారం ఆగిపోడవేటి!" అంటూ స్టూలెక్కాడు.

"దాన్ని ముట్టుకోకండి బాబూ!" రుక్మిణి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

ఆ మాటతో అందరి ఆత్రం రెట్టింపైంది. ఆవిడ వెనకే సోమేశ్వరరావు గుమ్మంలో అడుగుపెట్టాడు. పోలరాజు అద్దం తలుపు తీసి కాగితాన్ని చర్రున లాగేశాడు.

"పోలరాజు గడియారాల దుకాణం, సాక్చి బజారు!" పిల్లలంతా ఒక్క గొంతుతో చదివారు.

రుక్మిణి సంజాయిషీ మొదలుపెట్టింది. "అదీ... ఆ పేరు కనబడకూడదనేనండీ..."

"రేపటికల్లా చెరిపించండి," అన్నాడు సోమేశ్వరరావు. ఆయన చూపు మాత్రం పిల్లల మీదే ఉంది. ఒకటో తరగతి పిల్లను పిలిచి మళ్లీ చదవమన్నాడు. ఆ పిల్ల ఒక్కో అక్షరం వైపూ వేలు చూపిస్తూ చదివేసింది.

"ఈ ఊళ్లో మన పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదని ఫిర్యాదులమ్మా. బడి ఎత్తేయమని రాద్దామనే వచ్చాను. ఇక రాయను. మీ పదవి ఖాయం చేయమనే రాస్తాను. చదువంటే వీళ్లకింత ఆసక్తి ఎలా కలిగించారు?"

రుక్మిణి నోరు తెరిచేలోగా తవిటమ్మే జవాబు చెప్పింది.

"దాసిపెట్టినామండి."