ప్రార్థనకు పూర్తి బందోబస్తు

ఇకపై దేవుణ్ణి తలుచుకోవడానికి నలుగురు కూర్చున్న చోట చీమ కూడా దగ్గకూడదని మంత్రిగారు చట్టం తెచ్చారు. ప్రార్థనా సమావేశానికి అంతరాయం కలిగిస్తే మూడేళ్లు జైలు. ఆ ప్రకటన చదువుతూ ఆయన రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

టీవీలో అది చూసి దర్జీ కళ్లు చెమర్చాయి. దుకాణం వెనకగదిలో వారం వారం ప్రార్థన జరిపించేది ఆయనే. పోయినవారం కిటికీలోంచి వచ్చిపడిన రాయికి ఆయన భార్య నుదుటిమీద కుట్లు పడ్డాయి.

"రాళ్లేసింది మంత్రిగారి మనుషులేనని వీధంతా చూసింది. వాళ్లని పట్టుకుంటే సరిపోయేదిగా, చట్టమెందుకు?" అంది ఆవిడ.

"నీకు తెలీదే. పెద్దవాళ్లు ఏదైనా ఓ పద్ధతి ప్రకారం చేస్తారు."

ఆ పద్ధతి తర్వాతి వారమే ఇంటికొచ్చింది. చట్టం అమలును మంత్రిగారు ఆ గదిలోనే ప్రారంభిస్తారట. ముందుగా పోలీసు కుక్క వచ్చి చాపలన్నీ వాసన చూసింది. తర్వాత వాటిమీద పోలీసులు కూర్చున్నారు. ప్రార్థనకొచ్చినవాళ్లు గోడవారగా నిలబడ్డారు. గుమ్మం దగ్గర బ్యాడ్జీలు పెట్టుకుని రక్షణ కమిటీ సభ్యులు.

"వీళ్లు ఆ రాళ్లేసినవాళ్లే కదండీ?" అని దర్జీ ఇన్‌స్పెక్టర్ చెవిలో అడిగాడు.

"అవును. అనుభవం ఉన్నవాళ్లనే తీసుకోమని పైనుంచి ఆర్డరు."

ప్రభుత్వం ఎంత లోతుగా ఆలోచిస్తుందో అనుకుంటూ దర్జీ తలూపాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. తన బాల్యం, తన భక్తి, ప్రత్యర్థుల పాపాలు, కొత్త బైపాస్ రోడ్డు. ప్రార్థన వేళ దాటిపోతోంది. ముసలివాళ్లు ఈ కాలిమీంచి ఆ కాలిమీదకి బరువు మార్చుకుంటున్నారు. బైపాస్ రోడ్డు రెండో దశకు చేరగానే దర్జీ భార్య గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. ఒక్కొక్కరే గొంతు కలిపారు. మంత్రిగారు ఆగిపోయారు.

ఇన్‌స్పెక్టర్ ఆవిణ్ణి మర్యాదగా బయటికి నడిపించి వ్యానెక్కించాడు. దర్జీ వెనకాలే పరిగెత్తాడు.

"ప్రార్థన చేస్తే తప్పేంటి సార్?"

"ప్రార్థన తప్పని ఎవరన్నారు? సమావేశానికి అంతరాయం కలిగింది. చట్టం కింద మొదటి కేసు మీ ఇంటికే దక్కింది. ఫిర్యాదు మాత్రం మీరే ఇవ్వాలి."

"నేనా?"

"సమావేశం మీది. నష్టపోయింది మీరు. నోటితో ఒక్కమాట అనండి, మిగతాది నేను చూసుకుంటాను."

లోపల చప్పట్లు వినిపించాయి. ప్రసంగం మళ్లీ సాఫీగా సాగుతోంది. వ్యాను కిటికీ ఊచల వెనక ఆవిడ పెదాలు ఇంకా కదులుతున్నాయి. ప్రార్థనలో ఏ మాట దగ్గరుందో దర్జీ చూశాడు. గొంతు సవరించుకుని, అక్కణ్ణుంచి అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కాసేపు విని, వ్యాను తలుపు అప్పుడే మూయొద్దని కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.