ఒకటో తరగతి తాబేలు

"అది దొరికిందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పి వెళ్ళు," అంది అత్తగారు, టిఫిన్ డబ్బా కోడలికి అందకుండా వెనక్కి పెట్టుకుని.

"చెప్పకూడదత్తయ్యా. మీరే ఊహించాలి."

"ఊహించడానికి నాకేం పట్టింది? పుస్తకం నీ సంచీలోనే ఉందిగా."

ఈ తగువు ముందురోజు సాయంత్రం మొదలైంది. బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పే టీచరమ్మ ఒక బొమ్మల పుస్తకం తెచ్చి, భర్తనూ అత్తమామలనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి చూసుకుంది. అందులో ఒక తరగతి పిల్లలు తాబేలును పెంచుకుంటుంటారు. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే దాని పెట్టె ఖాళీ. సరిగ్గా అక్కడ టీచరమ్మ పుస్తకం మూసేసింది. మంచి పట్టుమీదున్న చోట ఆపితే పిల్లల బుర్రలు పదునెక్కుతాయని శిక్షణలో చెప్పారట. అత్తగారి బుర్ర మాత్రం పదునెక్కలేదు, వేడెక్కింది.

"ఇచ్చెయ్యమ్మా, తనకి ఆలస్యమవుతోంది," అన్నాడు భర్త. "ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో ఇంటికి పంపేస్తారో ఈ వారమే తేలాలి. ఇలాంటి కొత్త పద్ధతులు నాలుగు చూపించకపోతే ఎలా?"

కొత్త పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. ఖాళీ పెట్టె బొమ్మ దగ్గర పుస్తకం మూసి, "మిగతాది రేపు," అనేసరికి తరగతిలో ఊపిరి కూడా వినపడలేదు. చిక్కల్లా, ఆరేళ్ళ పిల్లలు పుస్తకంలో తాబేలు అని విడమరిచి చెప్పరు. ఇంటికెళ్ళి, "మా క్లాసు తాబేలు తప్పిపోయింది," అని చెప్పి అన్నం ముట్టకుండా కూర్చున్నారు.

పొయ్యిల మీద కూరలు దిగేలోగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. లాయరుగారైన ఒక తండ్రి మొదలుపెట్టాడు: "గేటుకి వాచ్‌మన్, గోడ గోడకీ కెమెరా. తాబేలు నడుచుకుంటూ వెళ్ళిపోతే చూసినవాడు లేడు. మా పిల్లలు పరిగెడితే ఎవరు పట్టుకుంటారు?" తమను అడగకుండా తాబేలును ఎలా తెచ్చారని ఒకామె నిలదీసింది. దాన్ని ముట్టుకున్నందుకే మావాడికి వారం నుంచి దద్దుర్లని ఇంకొకామె ఫొటో పెట్టింది.

తన బడిలో తాబేలుందన్న సంగతి తనకే తెలియదని ఒప్పుకోవడం హెడ్‌మిస్ట్రెస్‌కు తలవంపులుగా తోచింది. "గాలింపు జరుగుతోంది. బాధ్యులపై చర్య తీసుకుంటాం," అని జవాబిచ్చింది.

మర్నాడు టీచరమ్మ వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ యూనిఫాం మడతపెట్టి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నన్ను తీసేశారమ్మా. ఒక్కసారి టీకి వెళ్ళిన మాట నిజమే. అప్పుడే జారుకునుంటుంది. నడిస్తే చప్పుడైనా కాదు కదా, ఎలా పట్టుకోను?"

టీచరమ్మ సంచీ భుజాన ఉండగానే హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, తాబేలు లేదు."

"తెలుసమ్మా. వెతికిస్తున్నాం."

"అది కాదు మేడమ్. అసలు ఎప్పుడూ లేదు. ఇదిగో, బొమ్మ."

హెడ్‌మిస్ట్రెస్ పుస్తకం అందుకుని, మొదటి పేజీలన్నీ గబగబా తిప్పేసి, చివరికి వచ్చాక తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "దొరికింది. చీపుళ్ళ గదిలో."

"అయితే వాచ్‌మన్‌ని మళ్ళీ పనిలోకి తీసుకోండి మేడమ్. నిజం రాసేస్తే సరిపోతుంది."

"ఏమని రాయను? లేని తాబేలు కోసం మనిషిని తీసేశానని రాయనా? ఉన్నది పోగొట్టుకుంటే అజాగ్రత్త అంటారు. లేనిది పోగొట్టుకుంటే ఏమంటారో నువ్వే చెప్పు." తర్వాత గొంతు తగ్గించింది. "తాబేలు దొరికితే అతని ఉద్యోగం ఉంటుంది. నీ పర్మనెంట్ కాగితం కూడా ఇక్కడే ఉంది. ఆలోచించుకో."

టీచరమ్మ ఆలోచించుకుంది. గేటు దగ్గర మడతపెట్టిన యూనిఫాం కళ్ళలో మెదిలింది. పుస్తకం వెనక్కి తీసుకుని తరగతికి వెళ్ళి కథ చివరిదాకా చదివింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఈలోగా గ్రూపులో ప్రకటన వెలువడింది: తాబేలు చీపుళ్ళ గదిలో క్షేమం, కనిపెట్టిన వాచ్‌మన్‌కు అభినందనలు.

లాయరుగారు ఫొటో అడిగాడు. దద్దుర్ల తల్లి అది బడిలో ఉంటే ఒప్పుకోనంది. హెడ్‌మిస్ట్రెస్ తడుముకోలేదు: "బెదిరిపోయి ఉంది. కొన్నాళ్ళు క్లాస్ టీచర్ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంది." వెంటనే పదిమంది ఆదివారం పిల్లలతో వచ్చి పలకరిస్తామన్నారు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నాక టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది. "నా ఉద్యోగం పర్మనెంట్ అయింది."

భర్త ముఖం వెలిగింది. అత్తగారు పెరుగు రెండో గరిటె వేసింది.

"ఇంకో మాట. ఇవాళ్టి నుంచి మనింట్లో తాబేలు ఉంటోంది. ఎవరొచ్చి అడిగినా లోపలి గదిలో నిద్రపోతోందని చెప్పండి."

"తాబేలా? ఏదీ?" అన్నాడు భర్త.

"నిద్రపోతోందని చెప్పిందిగా," అంది అత్తగారు.

మామగారు లేచి టీవీ శబ్దం తగ్గించారు.