కుళాయి పక్కన పచ్చ బిందె

2003 వేసవిలో కోవిల్‌పట్టిలోని ఆ వీధికి పది రోజులకొకసారి కుళాయి నీళ్లు వచ్చేవి. ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రావలసి ఉంది. గోపాలసామి పెరట్లోని ఫైబర్ తొట్టికి అడుగున జానెడు పగులు. అది నాలుగింటిలోపల పూడకపోతే పట్టిన నీళ్లన్నీ పెరడే తాగుతుంది. కనుక ఉదయం కాఫీ తాగుతూనే అతడు పన్నెండుకల్లా పని ముగించాలని నిర్ణయించుకున్నాడు.

మిల్లులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన మనిషి. ముందురోజే విరుదునగర్ వెళ్లి ఫైబర్ పగుళ్లు పూడ్చే రెసిన్ మూడు లీటర్లు, దాన్ని గట్టిపరిచే మందు తెచ్చుకున్నాడు. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో కొద్దికొద్దిగా కలుపుకోమని, ఒక్కసారే కలిపితే వేడెక్కుతుందని అంగడివాడు చెప్పాడు. అడగకుండా వచ్చిన సలహా కనుక గోపాలసామి దాన్ని అక్కడే వదిలి బస్సెక్కాడు.

"ఒక స్టీలు గిన్నె ఇయ్యవే."

భార్య పెరియనాయగి అగ్గిపెట్టెల కంపెనీ కోసం అగ్గిపుల్లలు చట్రంలో పేరుస్తూ ఉంది. తలెత్తలేదు. "మా అమ్మ నా పేరు కొట్టించి ఇచ్చిన గిన్నెలు అవి. ముట్టినావంటే చేయి విరుస్తా మామా."

మనవరాలి చెవులు కుట్టిన నాటి థర్మాకోల్ కప్పులు అటక మీద మిగిలి ఉన్నాయి. వాటి మీద ఎవరి పేరూ లేదు. గోపాలసామి ఒకదానిలో రెసిన్ పోసి, మందు కలిపాడు. రెసిన్ కప్పు అడుగును కరిగించింది. కప్పులోనిది నేల మీదికి, నేల మీదిది అతడి చెప్పు కిందికి చేరింది. చెప్పును అక్కడే విడిచి అతడు బయటపడ్డాడు. దీని నుంచి అతడు గ్రహించినది ఒక్కటే: పాత్ర చిన్నదైంది.

అంచు పగిలిన పచ్చ ప్లాస్టిక్ బిందె తీసుకున్నాడు.

"అది వరసలో పెట్టే కొడం మామా!"

"సాయంత్రానికి కడిగి ఇస్తాలేవే."

ఆ వీధిలో మనుషులు కుళాయి దగ్గర నిలబడరు, బిందెలు నిలబడతాయి. పుల్లల చట్రాలు అప్పగించి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది కనుక, పెరియనాయగి బిందెకు ఇరవై ఏళ్లుగా చివరి చోటే, సన్నని ధారే.

ఆమె చట్రాలు ఎత్తుకుని వెళ్లాక అతడు మిగిలిన రెసినంతా బిందెలో పోసి, మిగల్చడం దేనికని మందూ మొత్తం ఒంపాడు. ఐదు నిమిషాలకు బిందె వేడెక్కింది. పదో నిమిషానికి పొగ లేచింది. ఇంటినిండా ఎండు అగ్గిపుల్లలు. గోపాలసామి బిందెను అంచు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. మంటకు లొంగనిది అక్కడ ఒక్కటే కనిపించింది: కుళాయి పక్కన, వరసలో మొదటి బిందె నిలిచే రాతిపలక. దాని మీద దించాడు.

"ఏమిరా గోపాలూ, పదకొండు కూడా కాలేదు, అప్పుడే కొడం పెట్టేస్తివా?" అని కేకేసింది పొన్నుతాయి. ఆ వరసకు పెద్ద ఆమే.

"ఇది వరసకు కాదత్తా! కాలిపోతుండాది!"

"మొదటి చోటుకు మందు పెట్టి పొగేస్తుండాడు అత్తా," అంది ఎదురింటి పూంగొడి.

ఆ మాట వీధి చివరికి చేరేలోగా బిందె అడుగు కరిగింది. రెసిన్ పలక మీద పరుచుకుని, రాయిని పట్టుకుని, రాయిలా గట్టిపడింది. చల్లారాక పూంగొడి లాగితే అంచు ముక్క చేతికి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లతో పొడిచారు. రోకలి ఒకటి చీలింది.

ఒంటిగంట దాటాక పెరియనాయగి ఇంటికి వచ్చింది. పగులు పగులుగానే ఉంది, రెసిన్ లేదు, బిందె లేదు. మొగుణ్ణి తిట్టే ఓపిక కూడా లేదు. నాలుగింటికి తన పేరున్న స్టీలు గిన్నెలు చంకలో పెట్టుకుని, అలవాటుగా వరస చివరికి నడిచింది.

"యాడికే పోతావు?" అంది పొన్నుతాయి. "కొడం ఏ చోట ఉంటే వంతు ఆ చోటిది. తీయగలిగుంటే తీసేసుందుము. మా చేత కాలేదు. ముందుకు రా."

"అట్లయితే ఎప్పటికీ ఆమెదేనా అత్తా?" అంది పూంగొడి.

"నువ్వు తీసే వరకూ."

ఇరవై ఏళ్లలో మొదటిసారి పెరియనాయగి లావుపాటి ధార చూసింది. ఇంట్లోని గిన్నెలూ, అండాలూ, చివరికి కాఫీ లోటాలూ నిండాయి. మరుసటి వారం ఆమె మళ్లీ రెసిన్ తెప్పించి, ఒక పాత పెరుగు డబ్బా మొగుడి చేతిలో పెట్టి, పక్కన కూర్చుని, కొద్దికొద్దిగా కలిపించింది. తొట్టి పగులు పూడింది.

రెండేళ్ల తరువాత కొత్త కుళాయి వేయడానికి వచ్చినవాళ్లు ఆ బిందెతో ఒక పూట పెనుగులాడి, చివరికి కుళాయినే జానెడు పక్కకు జరిపారు.