భల్లూకం గారి పంజా ముద్ర

ఒక పెద్ద అడవిలో జబ్బులకు కొదవ లేదు గానీ, డాక్టరు మాత్రం ఒక్కడే. ఆయన భల్లూకం గారు. చదువు బాగానే చదివాడు. కాకపోతే తేనెపట్టుల కాలం వచ్చిందంటే వారంలో నాలుగు రోజులు ఆస్పత్రిలో కనిపించడు.

అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు కదా. జ్వరాలూ ఆగలేదు. అందుకని ఆయన దగ్గర పదేళ్లు నర్సుగా చేసిన కొండముచ్చు సింగారమ్మ ఏటి అవతలి కొండకు వెళ్లి, మరో రెండేళ్లు పైచదువు చదివి, పెద్ద నర్సు లైసెన్సు తెచ్చుకుంది. ఇక ఆమె సొంతంగా జ్వరం చూడొచ్చు, మందివ్వొచ్చు, ముల్లు తీయొచ్చు. ఆ లైసెన్సును మెడలో కట్టుకుని తిరిగేది. కట్టుకోదూ మరి, రెండేళ్లు కొండమీద చలికి వణికి చదివిన చదువది.

కుందేళ్లు భల్లూకం గారికి వంగి దండం పెట్టి, ఆయన్ని దాటుకుని సింగారమ్మ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాయి. డాక్టరుకు కడుపు మండింది. ఆ మంటకు మందు సింగారమ్మ దగ్గరే ఉంది గానీ, అడగడానికి నామోషీ.

నేరుగా అడవి కౌన్సిల్‌కు వెళ్లి బల్ల గుద్దాడు. "రోగుల క్షేమం ఏం కాను? నర్సు చేసే ప్రతి పనికీ నా పర్యవేక్షణ ఉండాలి."

సభ్యులెవరికీ ఆ రోజు ఏ జబ్బూ లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు. గుమాస్తా నక్క రూలు రాసింది. లైసెన్సు గల నర్సు, డాక్టరు గారి కుడి పంజా ముద్ర పడిన టేకాకు చేతికి రానిదే ఏ రోగినీ ముట్టరాదు. ముడితే అడవి నుంచి వెలి. నమూనాకని భల్లూకం చేత ఎర్రమట్టిలో కుడి పంజా ముంచించి ఒక ముద్ర వేయించుకుని దాచిపెట్టింది.

ఇక చూడాలి ఆ సంబడం. రోగులంతా ముద్ర కోసం వరుస కట్టారు. ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలైన వరుస భల్లూకం గారు తేనె తాగే చెట్టు మొదలు దాకా పాకింది. దగ్గుకని వచ్చిన జింకకు వరుసలోనే దగ్గు తగ్గి, ఎండకు తలనొప్పి పట్టుకుంది.

ఒకరోజు భల్లూకం కడుపునిండా తేనె తాగి చెట్టు దిగాడు. దిగుతూనే కుడి పంజాను వరుసలో కునుకు తీస్తున్న ముళ్లపంది మీద వేశాడు. జానెడు ముల్లు పంజాలో దిగబడింది. మూడు కాళ్ల మీద కుంటుకుంటూ ఆస్పత్రికి వచ్చి పడ్డాడు.

"సింగారమ్మా, తీసెయ్యమ్మా, చచ్చిపోతున్నాను."

సింగారమ్మ చాచిన చెయ్యి మధ్యలోనే ఆపేసింది. "ముద్ర పడిన ఆకు కావాలి డాక్టరు గారూ. లేకపోతే నన్ను వెలేస్తారు. పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను?"

భల్లూకం ఎడమ పంజా ముద్ర వేశాడు. ముద్రలు సరిచూడటానికి గుమ్మం దగ్గరే కూర్చున్న నక్క, కుడిదే చెల్లుతుందంది. పళ్లు బిగబట్టి కుడి పంజానే మట్టిలో ముంచి ఆకు మీద అదిమాడు. ఆ అరుపుకు ఏటి అవతల కొంగలు కూడా లేచిపోయాయి. నక్క నమూనా తెచ్చి పక్కన పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"సరిపోవడం లేదండి. నమూనాలో పంజా ఇంత లావు లేదు."

"వాచిందయ్యా. అది నా పంజానే కదా."

"పంజా తమదే కావచ్చు. ముద్ర మాత్రం తమది కాదు. వాపు తగ్గాక వచ్చి వేయండి."

"ముల్లు తీస్తేనే కదయ్యా వాపు తగ్గేది."

"అది వైద్యానికి సంబంధించిన విషయం. డాక్టరు గారిని అడగండి," అంది నక్క.

వరుసలో ఉన్న అడవిపంది ముందుకొచ్చింది. "నేను పీకనా? నాకు లైసెన్సు లేదు. రూలు లైసెన్సు ఉన్నవాళ్లకే కదా."

నక్క రూలు రెండుసార్లు చదివి, నిజమేనంది. అడవిపంది కోరలు నేలకేసి రాసుకుంటూ దగ్గరికొచ్చింది. "భయపడకండి సార్. ముల్లొస్తే ముల్లు, పంజా వస్తే పంజా."

భల్లూకం బావురుమన్నాడు. సింగారమ్మకు కోపం వచ్చింది, జాలీ వేసింది. మెడలోని లైసెన్సు విప్పింది. రెండేళ్ల చదువు అలా చేతిలో వేలాడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని నక్క ముందు పెట్టి, "ఇప్పుడు నేను నర్సును కాను, ఇరుగింటిదాన్ని. కాస్త జరుగన్నా," అని అడవిపందిని పక్కకు నెట్టి, ముల్లు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఊడొచ్చింది.

మర్నాటి నుంచి ఆమె ఆస్పత్రి ఎదుట మద్దిచెట్టు కింద కూర్చుంది. లైసెన్సు లేదు కాబట్టి ఆకూ లేదు, ముద్రా లేదు. మధ్యాహ్నానికల్లా డాక్టరు గారి వరుస ఖాళీ అయింది. భల్లూకం ఫిర్యాదు చేద్దామని కౌన్సిల్‌కు పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. సభ్యులంతా మద్దిచెట్టు కింద నాలుకలు చాపి కూర్చున్నారు.

చివరికి ఆయనే లైసెన్సు పట్టుకుని వచ్చాడు. "తీసుకోమ్మా సింగారమ్మా. ఇక ముద్ర ప్రతిసారీ అక్కర్లేదు. వారానికోసారి వేయించుకుంటే చాలు."

సింగారమ్మ ఒక కుందేలు చెవిలోకి తొంగిచూస్తూ, "అక్కడ పెట్టి వెళ్లండి డాక్టరు గారూ. తీరికైనప్పుడు చూస్తాను," అంది.

నీతి: బాగా చదివి లైసెన్సు సంపాదించండి, పని చెయ్యాలనుకుంటే మాత్రం దాన్ని తిరిగిచ్చేయండి.