మధ్యలో మంగతాయారు

పాత ల్యాప్‌టాప్‌లకు కొత్త నెట్‌వర్క్ అందాలంటే ఇంట్లో ఒక మనిషి మధ్యలో కూర్చోవాలన్న నిబంధన కాకినాడలో అమల్లోకి రాగానే, మంగతాయారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎడమచెయ్యి ల్యాప్‌టాప్ మీద, కుడిచెయ్యి కిటికీ ఊచ మీద.

అంతకుముందు ఆమె భర్త సూర్యప్రకాశం నెట్‌వర్క్ ఆఫీసుకు వెళ్లి మిగతా మార్గాలన్నీ అడిగే వచ్చాడు. వైరు లాగించుకోవచ్చన్నారు. గోడకు కన్నం పెట్టడానికి అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోలేదు. ల్యాప్‌టాప్ పక్కన గుచ్చే చిన్న రిసీవర్ ఉందన్నారు. దాన్ని గుర్తుపట్టే వయసు ల్యాప్‌టాప్‌కు దాటిపోయింది. అయితే ఇంట్లో ఎవరున్నారని గుమాస్తా అడిగాడు. ఆవిడకేమైనా నేర్పించాలా అని ప్రకాశం అడిగితే, సంసారం చేస్తున్నవాళ్లకు శిక్షణ అక్కర్లేదన్నాడు.

పని కష్టమైందేమీ కాదు. నోరు విప్పకూడదు, విప్పితే లైను తెగుతుంది. వచ్చేవన్నీ కుడిచేతిలోంచి ఎక్కి, భుజాల మీదుగా ఎడమచేతిలోకి దిగేవి. వార్తలు చిరచిరలాడేవి. బ్యాంకు సందేశాలు చల్లగా పోయేవి.

పుణేలో ఉద్యోగం చేస్తున్న కూతురు లహరి, తనతో పనిచేసే అబ్బాయిని పెళ్లి చేసుకుంటున్నానని రాసింది. ప్రకాశం ససేమిరా అన్నాడు. ‘మీరు రాకపోయినా ఈ పెళ్లి ఆగదు’ అని ఆ పిల్ల జవాబిచ్చింది. అది మోచెయ్యి దాటుతుంటే మంగతాయారుకు చురుక్కుమంది. భుజం దగ్గర కాసేపు ఆపింది. తెర మీదికి వచ్చేసరికి ‘మీరొస్తే బాగుంటుంది నాన్నా’ అని ఉంది. నాకు కూతురే లేదనుకుంటానని ప్రకాశం టైపు చేశాడు. పుణేకి ‘ఆలోచించుకోనీ తల్లీ’ అని చేరింది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు, ప్రకాశం బజారుకు వెళ్లిన సమయంలో, ఆమె రెండు చేతులకూ మీటరు పెట్టి చూశాడు.

“లోపలికి వెళ్లేదీ బయటికి వచ్చేదీ ఒకటి కాదండి. అన్ని ఇళ్లల్లోనూ ఇంతే. దీన్ని లోపం కింద రాయం.”

పరీక్ష అయ్యాక చేతులు ఇంకా తీసే ఉన్నాయి కాబట్టి, తన మాట కూడా ఒకటి పంపుకోవచ్చా అని మంగతాయారు అడిగింది.

“మీరు లైను కదండీ,” అన్నాడతను మర్యాదగా. “లైనుకు సొంత మాట ఉండదు.”

కొన్నాళ్లకు ప్రకాశం మెత్తబడ్డాడు. పుణే మాత్రం వెళ్లడట, ఇంట్లోంచే పెళ్లి చూస్తాడట. మంగతాయారు అటక మీది సూట్‌కేసు దింపి చీరలు సర్దుకుంది.

“నువ్వెళ్లిపోతే నేనెలా చూసేది?” అన్నాడు.

అందులో న్యాయం ఉంది. ఆమె చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది.

పెళ్లినాడు పట్టుచీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. తెర ప్రకాశం వైపు తిరిగి ఉంది. సన్నాయి ఆమె మోచేతిలో గిలిగింతలు పెట్టింది. అక్షింతలు గింజ గింజగా భుజాల మీదుగా జారాయి. మూడుముళ్ల వేళ మెడ దగ్గర ఏదో బరువుగా అడ్డుపడితే, బొమ్మ నిలిచిపోతుందేమోనని గుటక మింగి పంపించేసింది. ప్రకాశం కళ్లు తుడుచుకున్నాడు.

పీటల మీంచి లేచి లహరి కెమెరా దగ్గరికి వచ్చింది.

“నాన్నా, అమ్మ చూస్తోందా?”

“అమ్మలోంచే కదమ్మా వస్తోంది.”

“బొమ్మ బాగా కనిపిస్తోందా?”

“అద్దంలా ఉంది.”

“అయితే అమ్మని కదలొద్దని చెప్పండి.”

ఆ మాట కూడా మంగతాయారులోంచే వెళ్లింది. మార్చాల్సిందేమీ అందులో ఆమెకు కనిపించలేదు.