నలభై ఖర్జూరాల మీద కేసు

ఆ రోజు మబ్రూక వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్న ఆరింటికి ట్యునీసియా వైపున్న తోజర్‌లో షేర్ టాక్సీ ఎక్కాలి, ఎనిమిదింటికి సరిహద్దు దాటాలి, పదకొండు లోపు అల్జీరియా వైపున్న ఎల్ ఊద్‌లో దిగి, ఒళ్లో ఉన్న అట్టపెట్టెను డాక్టర్ లఖ్దర్ బల్ల మీద పెట్టాలి. ఇంతే. ఇంత చిన్న పని చెడదని నమ్మడమే ఆమె చేసిన మొదటి తప్పు.

పెట్టెలో నలభై ఖర్జూరాలున్నాయి. పోయిన అక్టోబరులో కోసినవి. రెమ్మల మీదే ఉంచి, నాగజెముడు జిగురు పూసి, ఒక్కో కాయకీ అంకె వేసిన చీటీ కట్టి, ఎనిమిది నెలలు మామూలు గదిలో పెట్టారు. శీతల గిడ్డంగి లేకుండా కాయ తాజాగా నిలుస్తుందా లేదా అన్నది ట్యునీసియా, అల్జీరియా ఉమ్మడిగా చేస్తున్న పరిశోధన. ఇటు మబ్రూక జిగురు పూసింది, అటు లఖ్దర్ మైనం పూశాడు. రెండు ప్రభుత్వాలూ కలిసి నియమించిన సంఘం అధ్యక్షురాలు మేడమ్ నఫీసా ఈ రోజు రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. నచ్చితే రెండో దశ, దానితో పాటు మబ్రూక ఉద్యోగం. నచ్చకపోతే ఈ నెలాఖరుకి రెండూ ఉండవు. మూడేళ్ల కష్టం నలభై కాయల మీద వేలాడుతోంది.

నమూనాలు మోసే ప్లాస్టిక్ డబ్బా కోసం పెట్టిన అర్జీ ఫిబ్రవరి నుంచి ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది. అందుకని ఆమె సంస్థ డైరెక్టర్ లజ్‌హర్ గారు పెళ్లిళ్లకు పంచే బంగారు అంచు కానుక పెట్టె ఒకటి తెప్పించారు. టాక్సీ కదులుతుండగా ఫోన్ చేసి జాగ్రత్త కూడా చెప్పారు.

"ఎవరైనా అడిగితే తినేవి కావని చెప్పెయ్. అంతకంటే ఎక్కువ మాట్లాడకు."

అంతకంటే చెడ్డ సలహా తోజర్ చుట్టుపక్కల మా జరీద్ ప్రాంతంలో మరొకటి ఉండదు. ఖర్జూరాలు పెట్టేవాళ్లు ఇక్కడ వాటిని ఎప్పుడూ పొగడరు. "ఏదో, తినేలా లేవు" అని నసగాలి. ఎదుటివాళ్లు "అయ్యో, అదేం మాట!" అని తిని తీరాలి. తినకపోతే తగువు.

టాక్సీలో పక్కసీటు జొహ్రా పిన్నిది. ఎల్ ఊద్‌లో చెల్లెలింటికి వెళ్తోంది. ఊరు దాటగానే రొట్టె, ఉడికిన గుడ్లు తీసి బండి మొత్తానికి పంచింది. పొద్దున్న ఏమీ తినని మబ్రూక పరధ్యానంలో ఒక గుడ్డు తీసుకుంది. తిన్నాక చూస్తే ఎనిమిది జతల కళ్లు ఆమె ఒళ్లోని బంగారు పెట్టె మీదున్నాయి.

"ఏంటి తల్లీ, అంత భద్రంగా పట్టుకున్నావ్?" అంది పిన్ని.

"ఖర్జూరాలు పిన్నీ. తినేవి కావు."

"మా అత్తగారూ ఇలాగే అనేది. ఏదీ, ఇటివ్వు."

"నిజంగానే కావు పిన్నీ! పోయిన అక్టోబరువి. పైన జిగురు కూడా పూశాం."

"అక్టోబరువైతే ఈపాటికి చెప్పు తోల్లా ఉండాలే!" పిన్ని అప్పటికే మూత తీసేసింది. గుడ్డు తిన్న నోటితో కాదనడం ఎలాగో మబ్రూకకు తెలియలేదు. పిన్ని ఒకటి కొరికింది. నమలడం ఆపింది.

"తమ్ముడూ, బండాపు."

డ్రైవరు హడలిపోయి రోడ్డు పక్కన ఆపాడు. "ఏమైంది పెద్దమ్మా? కళ్లు తిరిగాయా?"

"ఏమీ కాలేదు. నువ్వూ ఒకటి తిను. జూన్ నెలలో ఇలాంటి కాయ మళ్లీ దొరకదు."

మబ్రూక వద్దన్నకొద్దీ ఆమె మర్యాదకు అందరూ మురిసిపోయారు. చీటీలు చూసి "నాకు పదిహేడు!", "నాకు ముప్పై మూడు!" అని లాటరీలా చదువుకున్నారు. ఖర్జూరాలు బేసి సంఖ్యలో తినడం ఆచారమని పిన్ని మూడు తింది. ఊడిన చీటీలతో సహా పెట్టె మళ్లీ మబ్రూక చేతికొచ్చేసరికి ఇరవై ఎనిమిది కాయలు మిగిలాయి. ఇరవై ఎనిమిదితోనైనా పరీక్ష జరుగుతుందిలే అని మబ్రూక గుండె చిక్కబట్టుకుంది.

ట్యునీసియా కస్టమ్స్ వాళ్లు పెట్టె వైపు చూడను కూడా లేదు. చిక్కంతా అల్జీరియా గేటు దగ్గర. అక్కడి అధికారి పేరు లాయీద్. ఎల్ ఊద్ వాడు, ఇంటి వెనకాల వంద ఖర్జూర చెట్లున్నవాడు.

"ఎల్ ఊద్‌కి ఖర్జూరాలు పట్టుకెళ్తున్నావా?" అన్నాడు. "తాతకి దగ్గులు నేర్పడానికా అమ్మా? నిజం చెప్పు, లోపల ఏం దాచావ్?"

"గింజలు" అంది మబ్రూక.

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. చాకు తీసి మూడు కాయలు కోశాడు. నిజంగానే గింజలున్నాయి. కోసిన ఖర్జూరాన్ని పారేయడం పాపం కాబట్టి నోట్లో వేసుకున్నాడు. దవడ కదలిక నెమ్మదించింది. కాగితాలు మళ్లీ చదివాడు.

"పోయిన అక్టోబరు కోత అని రాశారు. ఎవరి చెవిలో పువ్వు పెడదామని? ఇది నిన్నో మొన్నో కోసిన కాయ. జూన్‌లో ఎక్కడ పండిందో అదీ నువ్వే చెప్పాలి."

"అక్టోబరువే సార్! అదే మా పరిశోధన."

"పరిశోధన సంగతి నాకు తెలీదు. ఖర్జూరం సంగతి తెలుసు. తప్పుడు ప్రకటన ఇది."

"తాజావే బాబూ, ఒట్టు! నేనే మూడు తిన్నాను" అని వరసలో వెనకనుంచి జొహ్రా పిన్ని సాయం చేసింది. ఆ సాయంతో వ్యవహారం నేరంగా మారిపోయింది.

లాయీద్ సహోద్యోగుల్ని పిలిచాడు. ఒకడు పక్క వరస గేటు వదిలేసి వచ్చాడు. ఒకటి తిన్నవాడికి అనుమానం తీరక రెండోది తిన్నాడు. "తాజా కాయే, ఈ వారానిదే" అని ఒకరంటే "కాదు, నిన్నటిదే" అని మరొకరు. ఎటు తిరిగినా అక్టోబరు దాకా మాత్రం ఎవరూ వెళ్లడం లేదు. తగువు తీర్చడానికి పెద్ద అధికారిని టీ మధ్యలోంచి లేపుకొచ్చారు. ఆయన కళ్లు మూసుకుని నాలుగు తిని, నివేదిక రాయమన్నాడు. మబ్రూక మాటిమాటికీ గోడ గడియారం చూస్తూ, ఒక్కో చీటీ నేలరాలుతుంటే వంగి ఏరుకుంటూ నిలబడింది. తొమ్మిదిన్నర దాటింది.

చివరికి ఆరుగురు సంతకాలు చేసి, ముద్ర గుద్ది, ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టారు. సోమవారం హాజరు కావాలట. పెట్టెలో ఒక్క కాయ మిగిలింది. పళ్లెంలో ఆఖరిది తీసుకోవడం మర్యాద కాదని దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఎల్ ఊద్ బజారు దగ్గర మబ్రూక టాక్సీ దిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమెకు దొంగబుద్ధి పుట్టింది. ముప్పై తొమ్మిది కాయలు కొని చీటీలు కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? సిగ్గుతో చెవులు వేడెక్కుతుండగా ఒక దుకాణం ముందు నిలబడి, ఉన్న ఒక్క కాయనూ చూపించింది.

"ఇలాంటివి కావాలి."

దుకాణదారు దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. "చూస్తే ఎలా తెలుస్తుందమ్మా?" అని కొరికేశాడు. నమిలాడు, నిట్టూర్చాడు. "జూన్‌లో ఇలాంటివి ఎవరి దగ్గరా ఉండవు. నీకెక్కడ దొరికాయో చెప్పు, ఉన్నవన్నీ నేనే కొంటా."

పదకొండూ ఇరవైకి మబ్రూక సమావేశం గదిలో అడుగుపెట్టింది. బల్లకి ఒకవైపు మేడమ్ నఫీసా, ఇంకోవైపు లఖ్దర్. అతని ముందు నలభై కాయలూ మైనం మెరుపుతో బారులు తీరి ఉన్నాయి. మబ్రూక తన పెట్టె తెరిచి, ఖాళీ రెమ్మలూ నలభై చీటీలూ బల్ల మీద పోసింది. దారిపొడవునా అల్లుకున్న అబద్ధాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"కాయలేవి?" అన్నాడు లఖ్దర్.

"తినేశారు."

"ఎవరు?"

"సరిహద్దు."

ఆమె అంతా చెప్పేసింది. గుడ్డు దగ్గర మొదలుపెట్టి దొంగబుద్ధి దాకా ఏదీ దాచలేదు. చెప్పాక కస్టమ్స్ నివేదిక కూడా ముందు పెట్టింది. కేసు సంగతి ఎలాగూ బయటపడుతుంది. మేడమ్ నఫీసా కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు.

"'గత అక్టోబరు కోత అని పై మహిళ చేసిన ప్రకటన పూర్తిగా అబద్ధం. మేము ఆరుగురమూ రుచి చూసి నిర్ధారించాము. తేమ, రంగు, గింజ విడివడే తీరు కొత్త పంటవే. ఎనిమిది నెలల కాయ ఇలా ఉండటం అసాధ్యం.'" ఆవిడ ఆగి లఖ్దర్ వైపు చూశారు. "ఈ సంతకాలు చేసినవాళ్లు ఎవరు?"

లఖ్దర్ కాగితం మీదికి వంగాడు. "అందరూ ఈ ఊరి తోటల వాళ్లే మేడమ్. ఈ లాయీద్ మా బావమరిది. వాళ్లమ్మ పెట్టిన ఖర్జూరానికి కూడా వంక పెడతాడు."

"అలాంటివాళ్లు ఆరుగురు ఇది అసాధ్యమని రాసిచ్చారు. ఇంతకంటే పెద్ద పరీక్ష నేనేం పెట్టను?" అన్నారు ఆవిడ. "సరే, మీ కాయల సంగతి చెప్పండి."

"ఒక్కటి కూడా పోలేదు మేడమ్" అన్నాడు లఖ్దర్ గర్వంగా. "రెండు వారాలుగా మా స్టాఫ్ గదిలో బల్ల మీదే ఉన్నాయి."

"మూత వేసి ఉంచారా?"

"లేదండీ."

"మీ స్టాఫ్ ఎంతమంది?"

"ముప్పై..." అని మొదలుపెట్టిన లఖ్దర్ మాట అక్కడే సన్నబడింది. తన నలభై కాయల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

రెండో దశకి ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరే అంగీకారం దొరికింది. జిగురే రెండు దేశాల పూత అని నిర్ణయించారు. లఖ్దర్ మైనం ఊసు మళ్లీ ఎత్తలేదు. మబ్రూక ఉద్యోగం మరో మూడేళ్లు పొడిగించారు. ఆ మాట వినగానే ఆమె అందరి ముందూ ఏడ్చేసింది. ఏడుస్తూనే ఎదురుగా ఉన్న పళ్లెం జరుపుకుని ఎవరూ చెప్పకుండానే భోజనం మొదలుపెట్టింది.

సోమవారం కేసు కొట్టేయడానికి కస్టమ్స్ వాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఒకటే షరతు, పునఃపరీక్షకు మరో నలభై కాయలు కావాలి.