ఎడమకు తిరిగిన ఇసాము

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, గట్టిగా చెబితే ఇసాముకు వినబడుతుంది. మా వేడినీటి బుగ్గల వీధిలో లాడ్జి నడిపే పెద్దాయన ఆయన. మనవరాలు నగీసా కంప్యూటర్ ఆటలు తయారు చేయడం కొత్తగా నేర్చుకుంటోంది. ఆ ఆదివారం తన మొదటి ఆటను లాడ్జి హాల్లో పెద్ద టీవీలో పెట్టాలని అనుకుంది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే మేడమీది గది ఆమెదే, హాయిగా ఆటలు చేసుకోవచ్చు. లేదంటే మర్నాడే ఒసాకాలో మేనమామ బీమా ఆఫీసుకు పోవాలి. అదీ తాత పెట్టిన షరతు.

ఆటలో కథానాయకుడూ తాతే. యుకాతా అనే వదులు నూలు అంగీ కట్టుకుని అతిథులకు తువ్వాళ్ళు అందిస్తూ పరుగెత్తాలి. పిల్ల ఆయన్ని వరండాలో నడిపించి, కాలు ఎత్తినప్పుడొకటి, దించినప్పుడొకటి బొమ్మలు గీసింది. అన్నీ కుడివైపు నడిచేవే. ఎడమవైపుకు మళ్ళీ గీయడం ఎందుకని అవే బొమ్మల్ని అద్దంలోలాగా తిప్పేసింది. సగం చాకిరీ తప్పిందని సంబరపడింది కూడా.

బొమ్మతోపాటు బట్టా తిరిగింది. యుకాతాను బతికున్నవాళ్ళు ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు. కుడి అంచు పైకొచ్చిందంటే అది శవానికి కట్టే తీరు.

ఆ పొద్దున తాత చేపల మార్కెట్టుకు వెళ్ళాడు. టీవీలో ఆట పెట్టేసి, స్పీకర్లకు తీగ కొనుక్కు రావడానికి నగీసా కూడా బయటికెళ్ళింది. లాడ్జి పిల్లి వచ్చి తీరిగ్గా ఆట నడిపే మీటల పలక మీద కూర్చుంది. టీవీలో ఇసాము ఎడమకు తిరిగి ఎగిరాడు. పిల్లి లేవదు, ఆయన దిగడు. శవం కట్టుతో, రెండు కాళ్ళూ వేలాడేసుకుని, మెల్లగా పైకి పోతున్నాడు.

సరిగ్గా అప్పుడే టోఫూ అమ్మే ఫుమియె వచ్చింది. ఈ కాలం పిల్లలు చావు కబురు కూడా టీవీలోనే పెడుతున్నారు కాబోలనుకుంది. ఇలాంటి వేళ ఇంటివాళ్ళను గుచ్చి గుచ్చి అడగడం మా దగ్గర మర్యాద కాదు. టోఫూ బల్లమీద పెట్టి, వెళ్ళి వీధంతా చెప్పింది.

నగీసా తిరిగొచ్చేసరికి హాలంతా చావుకు వేసుకునే నల్లబట్టలు. ఆడవాళ్ళు వంటగది పుచ్చుకున్నారు. మగవాళ్ళు గుమ్మంలో నిలబడి, వచ్చిన అతిథులను వచ్చినట్టే వెనక్కి పంపేస్తున్నారు. తన ఆట కోసమే ఇంత పద్ధతిగా తయారై వచ్చారనుకుని ఆ పిల్ల వంగి దండం పెట్టింది.

"ఇంకా చాలా లోపాలున్నాయి, మన్నించండి."

"ఇంత కష్టంలోనూ ఎంత అణకువ తల్లీ," అని ఫుమియె కళ్ళొత్తుకుంది.

ఇంతలో ఇసాము చేపలతో వచ్చాడు. పోయిందెవరో ఆయనకు అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం. దొడ్డిదారిన పోయి నల్లకోటు తొడుక్కుని, చివరి వరసలో చేతులు జోడించి కూర్చున్నాడు. పోయినవాళ్ళు దగ్గరివాళ్ళే అయివుంటారని కాస్త కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

నగీసా పిల్లిని లేపి, మీటల పలకను ఫుమియె చేతికిచ్చింది. "మీరే నడిపించండి, పిన్నీ."

ఫుమియె కుడికి నొక్కింది. ఇసాము నేలమీదికి దిగి, కట్టు సరై, బతికి పరుగెత్తాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. వేలు ఎడమకు జారింది, మళ్ళీ పోయాడు.

"కుడికి తిప్పవే," అన్నారెవరో.

"ఎంతసేపని కుడికి? గోడ అడ్డమొచ్చింది."

"ఇలా ఇవ్వు. నన్ను నేనే నడిపించుకుంటాను," అంది వెనక నుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు.

"అయితే చచ్చింది నేనా?" అన్నాడు ఇసాము.

"ఎడమకు తిరిగినప్పుడే, తాతా."

సాయంత్రం దాకా ఒక్కరూ లేవలేదు. ఆయన్ని బతికించే వంతు నాదంటే నాదని నల్లబట్టల్లోనే తోసుకున్నారు. ఎడమ బొమ్మలు రాత్రికే మళ్ళీ గీసేస్తానని నగీసా తల దించుకుంది. తాత మేడమీది గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ ఎడమ బొమ్మల్ని ముట్టుకోకు. ఈ వీధివాళ్ళు నా బతుకు కోరడం ఇదే మొదటిసారి."

ఈ కథ గుర్తుంచుకుని మరొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఇసాము బతికే ఉన్నాడని ముందే చెప్పండి, ఇప్పటికీ పొరుగూళ్ళ నుంచి ఆయన చావుకని పూలు వస్తూనే ఉన్నాయి.